దండెం మీది బడి: అలబామా జానపద కళ, దాని వెనక చేతులు

1939లో అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీలో, మన్రో వీధిలో ఒక ముసలాయన రోజంతా కూర్చుని బొమ్మలు వేస్తుండేవారు. వయసు ఎనభై దాటింది. కీళ్ళనొప్పులు. రాత్రి పడక అంత్యక్రియలు జరిపించే ఒక దుకాణం వెనక గదిలో. ఒళ్ళో చెక్క, దాని మీద ఎవరో పారేసిన అట్టముక్క. చొక్కా మడత నలగకుండా లోపల పెట్టే అట్ట కావచ్చు, దుకాణంలో ప్రకటన అంటించిన అట్ట కావచ్చు, ఏది దొరికితే అది. చేతిలో పెన్సిలు ముక్క, గీత తిన్నగా రావడానికి ఒక చిన్న పుల్ల. పూర్తయిన బొమ్మలకు దారం కట్టి వెనక ఉన్న కంచెకు వేలాడదీసేవారు.

ఆయన పేరు బిల్ ట్రేలర్. 1853 ప్రాంతంలో బానిసగా పుట్టారు. ఇంటిపేరు యజమానిది. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యేనాటికి ఆయనకు పన్నెండేళ్ళు ఉంటాయేమో. స్వేచ్ఛ వచ్చాక కూడా దశాబ్దాల పాటు ఆ కుటుంబం పొలాల్లోనే చాకిరీ చేశారు. ముసలితనంలో పట్నం చేరారు. 1939 నుంచి 1942 వరకు, నాలుగేళ్ళు కూడా నిండని కాలంలో, వెయ్యికి పైగా బొమ్మలు వేశారు. అవి ఈరోజు మిగిలి ఉన్నాయంటే ఛార్లెస్ షానన్ అనే ఒక తెల్లజాతి కుర్ర చిత్రకారుడి పుణ్యం. రంగులు, అట్టలు తెచ్చిచ్చి, బొమ్మలు కొని దాచినవాడు ఆయనే.

షానన్ చెప్పిన సంగతి ఒకటి ఉంది. తెల్లగా మెరిసే కొత్త అట్ట తెచ్చిస్తే ట్రేలర్ దాన్ని వెంటనే ముట్టుకునేవారు కాదట. పక్కన పెట్టేసేవారు. మరకలు పడి, మూలలు నలిగి, అది కాస్త 'పండాక' గానీ పెన్సిలు పెట్టేవారు కాదు.

ఆ పండటం ఎందుకో ఆయన బొమ్మ ఒక్కటి చూసినా తెలుస్తుంది. అట్ట ఎక్కడైనా వంకరగా చినిగి ఉంటే కంచరగాడిద వీపు ఆ వంకరనే పట్టుకుని సాగుతుంది. మరక పడిన చోటు బొమ్మలో ఏదో ఒక బరువుకు లంకె అవుతుంది. ముందు పుల్లతో గీసిన నాలుగు పలకల ఆకారం, దానికి కాళ్ళు, మెడ, చెవులు. ఆ తర్వాత లోపలంతా ముదురు నలుపో, పోస్టరు నీలమో. చెవులు ఎటు తిరిగాయో చూస్తే చాలు, ఆ జంతువు మొండికేసిందో, బెదిరిందో, అలసిపోయిందో చెప్పేయవచ్చు. కంచరగాడిదల వెనక నాగలి పట్టి నడిచిన మనిషికి తప్ప ఆ చెవులు అబ్బవు.

ఇలాంటివాళ్ళను అమెరికా మ్యూజియంలు 'సెల్ఫ్ టాట్ ఆర్టిస్టులు' అంటాయి. తనంతట తానే నేర్చుకున్నవాళ్ళని అర్థం. మాట వినడానికి గౌరవంగానే ఉంది. కానీ అందులో సగమే నిజం. వీళ్ళెవరూ ఆర్ట్ స్కూలు గడప తొక్కలేదన్నది నిజం. ఎవరూ ఏమీ నేర్పలేదన్నది నిజం కాదు. పొలం నేర్పింది, అమ్మ నేర్పింది, ఇనుప ఫ్యాక్టరీ నేర్పింది, పెరట్లో దండెం నేర్పింది. ఈ గురువుల పేర్లు కొట్టేసి, బొమ్మ ఎక్కడి నుంచో ఊడిపడిందన్నట్టు చెప్పడంలో మార్కెట్‌కు ఒక సుఖం ఉంది. 'అద్భుతం' అని చెప్తే అమ్మడం తేలిక. పైగా తానేం చేస్తున్నాడో తెలియనివాడి దగ్గర తక్కువ ధరకు కొన్నా తప్పనిపించదు.

ఈ పేర్ల గొడవకు కొంత చరిత్ర ఉంది. 1932లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ జానపద కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. 'సామాన్యుడి కళ' అని దానికి పేరు. గాలి ఎటు వీస్తోందో చూపడానికి ఇళ్ళ కప్పుల మీద పెట్టే లోహపు కోళ్ళు, ఊరూరా తిరిగే చిత్రకారులు వేసిన కుటుంబాల పటాలు, చెక్క బొమ్మలు, అన్నీ 1750కీ 1900కీ మధ్యవి. దాంతో జానపద కళ అంటే పాతదీ, చేసినవాళ్ళ పేర్లు తెలియనిదీ, ఎక్కువగా ఈశాన్య రాష్ట్రాలదీ అన్న అభిప్రాయం బలపడింది. అయిదేళ్ళ తర్వాత, 1937లో, అదే మ్యూజియం టెన్నెసీ రాష్ట్రం నాష్‌విల్‌కు చెందిన విలియం ఎడ్మండ్‌సన్ శిల్పాలు ప్రదర్శించింది. ఆ మ్యూజియంలో ఒక నల్లజాతి కళాకారుడికి సోలో ప్రదర్శన దక్కడం అదే మొదలు. సమాధి రాళ్ళు చెక్కుతూ శిల్పి అయిన మనిషి ఆయన. డెబ్భై దాటాక కుంచె పట్టిన గ్రాండ్‌మా మోజెస్ 1940లో న్యూయార్క్‌లో తొలి సోలో ప్రదర్శన ఇచ్చి కొన్నాళ్ళకే ఇంటింటి పేరు అయిపోయారు.

1972లో ఇంకో పేరు తయారైంది, 'అవుట్‌సైడర్ ఆర్ట్'. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మాట ఇది. యూరప్‌లో మానసిక చికిత్సాలయాల్లో ఉన్నవాళ్ళ బొమ్మల గురించి, లోకానికి దూరంగా బతికినవాళ్ళ బొమ్మల గురించి జరిగిన చర్చలోంచి పుట్టింది. అమెరికాలో దాన్ని తెచ్చి దక్షిణాది నల్లవాళ్ళకు అంటించారు. బయటివాళ్ళంటే ఎవరి గుమ్మానికి బయట? ఊరి చర్చిలో పాటలు పాడే ఆవిడ, వీధి వీధంతా పేరు పెట్టి పిలిచే వెల్డరు, వాళ్ళ ఊళ్ళో వాళ్ళు బయటివాళ్ళెలా అవుతారు? న్యూయార్క్ గుమ్మంలో నిలబడి చూస్తేనే వాళ్ళు బయట ఉన్నట్టు కనిపిస్తారు. 1982లో వాషింగ్టన్‌లోని కోర్కరన్ గ్యాలరీ 20 మంది నల్లజాతి జానపద కళాకారులతో పెట్టిన ప్రదర్శన ఆ గుమ్మాన్ని కొంచెం జరిపింది. ట్రేలర్ పేరు దేశమంతా వినపడింది అప్పుడే. అప్పటికి ఆయన పోయి 33 ఏళ్ళు.

ఆ నేర్పిన గురువులెవరో చూడాలంటే గీస్ బెండ్‌ కంటే మంచి చోటు లేదు. విల్కాక్స్ కౌంటీలో అలబామా నది గుర్రపు నాడాలా వంపు తిరిగే చోట ఉందీ ఊరు. సర్కారు కాగితాల్లో పేరు బోయ్‌కిన్. మూడు వైపులా నీళ్ళు, బయటికి ఒకే రోడ్డు. 1816లో జోసెఫ్ గీ అనే భూస్వామి ఇక్కడ పత్తి సాగు మొదలుపెట్టాడు. 1845లో అది మార్క్ పెట్‌వే చేతికి వచ్చింది. ఊళ్ళో చాలామందికి ఇప్పటికీ ఇంటిపేరు పెట్‌వేనే.

ఇక్కడి ఆడవాళ్ళు కుట్టే క్విల్టులకు తెలుగిళ్ళలో దగ్గరి చుట్టం బొంత. మనం పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టినట్టే వాళ్ళదీ, కాకపోతే పైపొర అతుకులది, అడుగున మరో గుడ్డ, రెంటికీ మధ్య పత్తి. చలికి సందులున్న చెక్క ఇళ్ళు వాళ్ళవి. ఒక్కో మంచం మీద రెండు మూడు బొంతలు కప్పుకుంటే తప్ప రాత్రి గడిచేది కాదు. పత్తి కొనేది కాదు. జిన్నింగు మిల్లు నేల మీద మిగిలినది ఊడ్చుకొచ్చి, కర్రలతో బాది పరిచేవారు. పైపొరకు చిరిగిన పంట్లాలు, ఓవరాల్స్, పిండి సంచులు, ఎరువుల సంచులు. మరీ పాడైపోయిన బొంతను దోమలు పోవడానికి పొగబెట్టేవారు. ఇవాళ మ్యూజియం గోడకు ఎక్కాల్సినవి ఎన్ని ఆ పొగలో పోయాయో లెక్క లేదు.

పని బట్టలతో కుట్టిన బొంతను దగ్గరగా చూస్తే ఒక విషయం కట్టిపడేస్తుంది. నీలం డెనిమ్ అంతా ఒక్క నీలం కాదు. మోకాళ్ళ దగ్గర గుడ్డ వెలిసి దాదాపు తెల్లబడి ఉంటుంది. జేబు విప్పేసిన చోట మాత్రం అరచేయంత మేర కొత్త నీలం అలాగే నిలిచి ఉంటుంది, ఎండ ఎన్నడూ తగలని చోటు కదా. ఆ ముదురు చదరం ఎక్కడ రావాలో, ఆ వెలిసిన పట్టీ పక్కన ఏది పెట్టాలో కుట్టేవాళ్ళు చూసుకునే పెట్టారు. 1942లో మిజూరి పెట్‌వే అనే ఆవిడ భర్త పోయాక ఆయన పొలం బట్టలన్నీ విప్పి ఒక బొంత కుట్టుకున్నారు. ఆయన్ని గుర్తుంచుకోవడానికీ, ఆ ప్రేమ కింద పడుకోవడానికీ అని అమ్మ చెప్పిన మాట కూతురు ఆర్లోంజియా ఆ తర్వాత చాలా ఏళ్ళకు గుర్తుచేసుకున్నారు. ఆ బొంతలో చెమట మరకలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఊళ్ళో అందరికీ వచ్చిన ఒక నమూనా 'హౌస్‌టాప్'. మధ్యలో చిన్న చదరం, దాని చుట్టూ నాలుగు పట్టీలు, వాటి చుట్టూ మరో నాలుగు, ఇలా బయటికి పెరుగుతూ పోతుంది. పైనుంచి ఇంటి కప్పును చూసినట్టుంటుంది, అందుకే ఆ పేరు. ముగ్గు మధ్య చుక్కతో మొదలైనట్టే ఇదీ. అయితే గీస్ బెండ్‌లో ఈ నమూనాను ఉన్నదున్నట్టు కుట్టడం గొప్ప కాదు. మూడు పట్టీలు ఒక రంగువి వేశాక నాలుగోది కావాలని మార్చేస్తారు, మధ్య చదరాన్ని ఒక మూలకు నెట్టేస్తారు. అలాంటివాటికి వాళ్ళ మాట 'మై వే', అంటే 'నా ఇష్టం'. నమూనా అమ్మది, దాన్ని వంచే స్వేచ్ఛ కూతురిది. రెండోది చేయడానికి మొదటిది గట్టిగా వచ్చి ఉండాలి. త్యాగరాజ కీర్తన రానివాళ్ళు సంగతులు వేయలేరు కదా, ఇదీ అంతే.

నేర్చుకోవడం ఎలా జరిగేదంటే, చిన్నపిల్లలు ముందు సూదుల్లో దారాలెక్కించేవారు. చట్రానికి బిగించిన బొంత కింద కూర్చుని పైన తిరిగే చేతులు చూసేవారు. పెద్దవాళ్ళు కుడుతూ చర్చి పాటలు పాడుకునేవారు. అసలు బడి మాత్రం దండెం. చలి పోయాక బొంతలను ఎండకు, గాలికి ఆరేసేవారు. ఏ ఇంటి దండెం మీద ఏముందో నడుస్తూ నడుస్తూ చూసుకోవచ్చు. ఎవరి బొంత బాగుందో తేలిపోయేది, పక్కింటి ఆలోచన మరుసటి ఏడాదికి మన బొంతలోకి వచ్చేది. ఏ పుస్తకం లేకుండా, ఏ పరీక్ష లేకుండా తరాల పాటు నడిచిన ఆర్ట్ గ్యాలరీ అది.

ఈ ఊరి కథలో బొంతలను వదిలేసి చెప్పగలిగేది తక్కువే, ఊరి కథ వదిలేసి బొంతలనూ చెప్పలేం. 1932లో ఊరివాళ్ళకు అప్పు ఇచ్చిన వ్యాపారి చనిపోతే, బాకీ కింద ఇళ్ళలో ఉన్నదంతా ఊడ్చుకుపోయారు. పనిముట్లు, పశువులు, గాదెల్లో మొక్కజొన్న, ఏదీ మిగల్చలేదు. ఆ చలికాలం రెడ్‌క్రాస్ తిండి లేకపోతే ఊరు మిగిలేది కాదు. తర్వాత ఫెడరల్ ప్రభుత్వం ఆ భూమి కొని, ఇళ్ళు కట్టించి, 1940ల్లో వీళ్ళకే అమ్మింది. సొంత భూమి ఉండటం వల్లే పౌరహక్కుల ఉద్యమంలో తెల్ల భూస్వామి వెళ్ళగొడతాడన్న భయం వీళ్ళకు తక్కువ. ఓటు నమోదు కోసం నది దాటి కామ్డెన్‌కు వెళ్ళడం మొదలుపెట్టగానే, 1962లో ఫెర్రీ ఆగిపోయింది. రేవు దాటితే వచ్చే ఊరికి రోడ్డు మీద గంట పట్టేది. ఫెర్రీ మళ్ళీ వచ్చింది 2006లో. 44 ఏళ్ళు! బొంతల మీద బయటి ప్రభావం అంతగా పడలేదని మురిసిపోయే పండితులు ఆ 'ఏకాంతం' ఎవరి నిర్ణయమో కూడా చెప్పాలి.

1966లో ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు కలిసి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. బొంతలు న్యూయార్క్ షాపులకు వెళ్ళాయి, చేతికి డబ్బు వచ్చింది. కానీ షాపులకు కావలసింది ఒకే కొలత, ఒకే నమూనా, పదికి పది ఒకేలా. 'నా ఇష్టం' అక్కడ లోపం కింద లెక్క. 1972లో సియర్స్ కంపెనీ దిండు గలీబుల కాంట్రాక్టు ఇచ్చినప్పుడు మాత్రం అనుకోని మేలు జరిగింది. గలీబులు కుట్టగా మిగిలిన కార్డరాయ్ (చారలు చారలుగా నూగు ఉండే మందపాటి గుడ్డ) ముక్కలు ఇళ్ళకు చేరాయి. ఆవపసుపు, ఆకుపచ్చ, ఎరుపు, గోధుమ. కార్డరాయ్ మొండి గుడ్డ. చిన్న చిన్న ముక్కలుగా మడతపెట్టి కుట్టడం కుదరదు, సూది దిగదు. అందుకే ఆ ఏళ్ళ బొంతల్లో పెద్ద పెద్ద పట్టీలు, విశాలమైన రంగులు వచ్చాయి.

2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, అదే ఏడాది చివర న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఈ బొంతలు గోడకెక్కినప్పుడు విమర్శకులు ఆశ్చర్యపోయారు. అమెరికా సృష్టించిన ఆధునిక కళలోనే ఇవి మహా అద్భుతాలని న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు రాశాడు. పెద్ద పేరున్న నైరూప్య చిత్రకారులతో పోలికలు వచ్చాయి. ఆ పోలిక తలుపు తెరిచింది నిజమే, కానీ అది తప్పుదారి కూడా పట్టిస్తుంది. మాడరన్ పెయింటర్ తన దగ్గరున్న వందలాది రంగుల్లోంచి మూడు ఏరుకుంటాడు. గీస్ బెండ్‌లో ఉన్నవే మూడు. ఆ మూడింటితో ఎంత దూరం వెళ్ళవచ్చన్నది వేరే లెక్క, బహుశా కష్టమైన లెక్క. 2006లో అమెరికా తపాలా శాఖ పది బొంతలతో స్టాంపులు వేసింది, ఫెర్రీ తిరిగి వచ్చిన ఏడాదే.

ఉత్తరాన బర్మింగ్‌హామ్ దగ్గరికి వస్తే గురువు మారిపోతుంది. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ పక్కపక్కనే దొరుకుతాయని 1871లో వెలసిన ఊరు ఇది. దాని శివారు బెసిమర్. ఉక్కు తయారీ పద్ధతి కనిపెట్టిన ఇంగ్లండ్ ఇంజనీరు పేరే దానికి పెట్టారు, ఆ ఊరి స్వభావం అంతకంటే ఏం చెప్పాలి. అక్కడి పుల్‌మన్ ఫ్యాక్టరీలో రైలు పెట్టెలు చేస్తూ దాదాపు ముప్ఫై ఏళ్ళు పనిచేశారు థార్న్‌టన్ డయల్. 1928లో పుట్టారు, చదువు అంతంతమాత్రం. రేకు కోయడం, మలచడం, అతకడం ఆయనకు ఉద్యోగం నేర్పిన విద్య. 1980ల మొదట్లో ఫ్యాక్టరీ మూతపడ్డాక కొడుకులతో కలిసి ఇనుప కుర్చీలు చేసి అమ్ముకుంటూ, పెరట్లో తన వస్తువులు తయారుచేసుకునేవారు.

ఆయన 2004లో చేసిన ఒక పెద్ద రచన ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అందులో రేకులు, తీగలు, ఇనుప గొలుసు, పాత బట్టలు, ఎనామిల్ రంగులు. వాటితో పాటు ఎండిన బెండ మొక్కల కాడలు, వేళ్ళతో సహా. బెండకాయ అక్కడికి ఆఫ్రికా నుంచి బానిసలతో పాటు వచ్చిన పంట. ఆ కాడలు ఎందుకు పెట్టారో దక్షిణాది నల్లవాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. డయల్ బొమ్మల్లో మాటిమాటికీ ఒక పులి వస్తుంది, అది తన జాతి మనిషే. తెల్లవాళ్ళ ఎదుట బయటికి చెప్పలేని మాటలను వస్తువుల్లో దాచి చెప్పడం ఆయన సొంతంగా కనిపెట్టిన పద్ధతి కాదు. ఆ వీధుల్లో అంతకుముందే ఉంది. ఇంటి ముందు చెట్టు కొమ్మలకు నీలం సీసాలు తొడిగేవారు, దుష్టశక్తులు అందులో చిక్కుకుంటాయని. మన గడపల్లో కట్టే దిష్టిబొమ్మ చేసే పని లాంటిదే. పాత టైర్లు, చక్రాలు, బొమ్మలతో పెరడు మొత్తం ఒక మాటలా పేర్చేవారు. దారిన పోయే తెల్లవాడికి అది చెత్త, పొరుగువాడికి చదువుకోగలిగిన పుట.

లోనీ హోలీ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1950లో బర్మింగ్‌హామ్‌లో పుట్టారు, 27 మంది పిల్లల్లో ఏడోవాడు. 1979లో అక్కచెల్లెళ్ళలో ఒకరి ఇద్దరు పిల్లలు ఇల్లు తగలబడి చనిపోయారు. సమాధి రాయి కొనే స్థోమత ఇంట్లో లేదు. ఇనుము పోత పోసే ఫౌండ్రీలు అచ్చులకు వాడి పారేసిన ఇసుకరాయి దిమ్మలు దగ్గర్లో కుప్పలుగా పడి ఉండేవి. అది మెత్తని రాయి, మామూలు పనిముట్లకే లొంగుతుంది. దానితోనే పిల్లలకు సమాధి రాళ్ళు చెక్కారు. అక్కడ మొదలైన చేయి ఆగలేదు. విమానాశ్రయం పక్కన ఉన్న తన స్థలమంతా వందలాది రచనలతో నింపారు. 1997లో విమానాశ్రయం విస్తరణ కోసం ఆ స్థలాన్ని చదును చేసేశారు. కోర్టుకెళ్ళాక 1,65,700 డాలర్ల పరిహారం వచ్చింది. ఊరు పారేసినదానితో చేసిన కళను ఊరే మళ్ళీ పారేయడం అన్నమాట.

ఫేయెట్‌లో జిమ్మీ లీ సడ్డత్ బురదతో వేసేవారు. బురద నిలవడానికి అందులో పంచదారో, బెల్లంపాకం లాంటి సిరప్పో కలిపేవారు. ఆకుల పసరు రంగుకు, ప్లైవుడ్ కాన్వాసుకు, వేలు కుంచెకు. తన వేలు అరగని కుంచె అని, తాను పోయిన రోజే అదీ పోతుందని అనేవారు. 2007లో 97 ఏళ్ళ వయసులో పోయారు. మాంట్‌గోమరీలో మోజ్ టాలివర్ ఫర్నిచర్ కంపెనీలో పని చేస్తుండగా పాలరాళ్ళ పెట్టె కాళ్ళ మీద పడి కుంటివారై, ఆ తర్వాత గోడలకు వేసే రంగులతో బొమ్మలు వేయడం పట్టుకున్నారు. పటం తగిలించే కొక్కెం కింద డబ్బా మూత రింగు. గిరాకీ పెరిగాక ఇంట్లో పిల్లలు కూడా బొమ్మలు వేస్తే ఆయన పేరే పడేది. ఇది తెలిసి కొనేవాళ్ళు గొడవపడ్డారు. యూరప్ మహాచిత్రకారుల వర్క్‌షాపుల్లో శిష్యులు సగం బొమ్మ పూర్తిచేస్తే అది సంప్రదాయం, టాలివర్ వంటింట్లో కూతురు వేస్తే మోసం! 'స్వయంగా, ఒంటరిగా, అమాయకంగా' అన్న ముద్రకు చెల్లించిన ధర కదా, అది చెరిగితే బాధే మరి.

డబ్బు సంగతి దాటవేయలేనిది. 1942లో మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ డైరెక్టరు ట్రేలర్ బొమ్మలకు ఒక్కొక్కదానికి ఒకటి రెండు డాలర్లు ఇస్తామన్నాడు. షానన్ ఒప్పుకోలేదు. 2020 జనవరిలో క్రిస్టీస్ వేలంలో ట్రేలర్ అట్టముక్క ఒకటి, రెండు వైపులా బొమ్మలున్నది, 5,07,000 డాలర్లకు పోయింది. మధ్యలో 1992లో ట్రేలర్ వారసులు షానన్ మీద కోర్టుకెక్కారు. చివరికి పన్నెండు బొమ్మలు వాళ్ళకిచ్చేలా రాజీ కుదిరింది. షానన్ లేకపోతే ఆ బొమ్మలే లేవు. షానన్ దాచినంత మాత్రాన అవన్నీ ఆయనవే అవుతాయా అన్నదీ అడగదగ్గ ప్రశ్నే. రెండూ ఒకేసారి నిజం కావడమే ఈ రంగంలో చిక్కు.

అదే చిక్కు బిల్ ఆర్నెట్ విషయంలో ఇంకా పెద్దది. అట్లాంటాకు చెందిన ఈ సేకర్త డయల్‌ను, హోలీని, గీస్ బెండ్ క్విల్టర్లను లోకానికి చూపించినవాడు. నెలనెలా డబ్బు ఇచ్చి, దానికి బదులు వాళ్ళ పని మొదట తనకు చూపేలా ఏర్పాటు చేసుకున్నాడు. 1993లో డయల్ బొమ్మలు న్యూయార్క్‌లో రెండు మ్యూజియంలలో ఒకేసారి ప్రదర్శనకు వచ్చిన రోజుల్లోనే ఒక జాతీయ టీవీ కార్యక్రమం ఆర్నెట్ కళాకారులను దోచుకుంటున్నాడన్నట్టు చూపించింది. దెబ్బ తగిలింది ఎక్కువగా డయల్‌కే, మ్యూజియంలు చాలా ఏళ్ళు వెనకంజ వేశాయి. 2007లో కొందరు గీస్ బెండ్ క్విల్టర్లు తమ డిజైన్ల హక్కుల మీద ఆర్నెట్ కుటుంబం పైన దావాలు వేశారు, మరుసటి ఏడాది అవి రాజీతో ముగిశాయి. ఆర్నెట్ స్థాపించిన ఫౌండేషన్ ఆ తర్వాత తన సేకరణను పెద్ద మ్యూజియంలకు చేర్చే పని పెట్టుకుంది. 2014లో మెట్రోపాలిటన్ మ్యూజియంకు 57 రచనలు ఇచ్చింది.

అమెరికా చట్టంలోనే ఒక వెలితి ఉంది. ఫ్రాన్స్‌లో లాగా, బొమ్మ మళ్ళీ అమ్ముడైనప్పుడు వేసినవాళ్ళకు వాటా ఇచ్చే రూలు అక్కడ ఫెడరల్ స్థాయిలో లేదు. కాబట్టి మొదటిసారి పది డాలర్లకు అమ్మినావిడకు అది లక్షకు పోయినా దక్కేది సున్నా. డిజైను హక్కు మాత్రం చేతిలో ఉంటుంది, అది కాగితం మీద పక్కాగా ఉంటే. అందుకే ఇటీవలి సంవత్సరాల్లో గీస్ బెండ్ ఆడవాళ్ళు బొంతల కంటే కాగితాల మీద ఎక్కువ టెన్షన్ పడాల్సి వచ్చింది. 2021 నుంచి కొందరు ఆన్‌లైన్‌లో సొంత దుకాణాలు తెరిచి నేరుగా అమ్ముతున్నారు. మధ్యలో ఎవరూ లేరు, ధర వాళ్ళే పెడతారు. ఇంతవరకు జరిగిన సంస్కరణల్లో ఏ మ్యూజియం చేసినదానికంటే ఇదే పెద్దదనిపిస్తుంది.

అట్లాంటా చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు వీటిని చూడాలంటే అలబామా దాకా పోనక్కర్లేదు. నగరం మధ్యలో ఉన్న హై మ్యూజియంలో ఈ కళకు ప్రత్యేక విభాగమే ఉంది. ట్రేలర్, డయల్ అక్కడ ఉన్నారు. సైకిళ్ళు బాగుచేసుకుంటూ, 1976లో వేలికి అంటిన రంగు మరకలో ముఖం కనిపించి, దేవుడు బొమ్మలు వేయమన్నాడని 46 వేలకు పైగా వేసిన జార్జియా ప్రీచర్ హోవర్డ్ ఫిన్‌స్టర్ కూడా అక్కడే. గోడ మీది బొంత ముందు నిలబడినప్పుడు పక్కన అంటించిన చీటీ కూడా చదవాలి. ఒకప్పుడు 'అజ్ఞాత కళాకారిణి' అని రాసి వదిలేసేవారు, ఇప్పుడు పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం ఉంటున్నాయి. గుడ్డ ఎక్కడిదన్నది కూడా కొన్నిచోట్ల రాస్తున్నారు, పని పంట్లాం, కార్డరాయ్, పిండి సంచి అని.

2018లో స్మిత్సోనియన్ మ్యూజియం బిల్ ట్రేలర్ బొమ్మలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. బానిసగా పుట్టిన ఒక కళాకారుడి మీద అంత పెద్ద ప్రదర్శన అదే మొదటిసారి. మాంట్‌గోమరీలో ఆయన సమాధికి పేరు చెక్కిన రాయి నిలబెట్టింది కూడా ఆ ఏడాదే. అంతదాకా అక్కడ గుర్తేమీ లేదు.

గీస్ బెండ్‌లో 2022 నుంచి ఏటా అక్టోబరులో బొంతలు ఆరేసే పండగ జరుపుతున్నారు. పాతరోజుల్లో లాగే ఇళ్ళ ముందు, కంచెల మీద, దండేల మీద బొంతలు పరుస్తారు. కుట్టినావిడ పక్కనే ఉంటుంది. కొనాలంటే ఆవిడతోనే మాట్లాడుకోవాలి, నేర్చుకోవాలంటే ఆవిడ దగ్గరే కూర్చోవాలి. కామ్డెన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఫెర్రీ ఎక్కి రావచ్చు. 2019 నుంచి అది బ్యాటరీ కరెంటుతో నడుస్తోంది.